బావ చూసిన ముల్లు

మా లారీకి ఇరవై ఏళ్ళు దాటాయి. ఎన్నిసార్లు రంగు వేయించినా ఉప్పు గాలికి ఆరు నెలల్లో పెచ్చులు లేస్తుంది. తలుపు పడాలంటే భుజంతో ఒక తోపు తొయ్యాలి. అయినా దాని ఇంజన్ గురించి మాత్రం ఎవరినీ ఒక్క మాట అననిచ్చేవాణ్ణి కాదు. మా రేవులో చేపల పెట్టెలు ఎక్కించుకుని, కోటబొమ్మాళి దగ్గర హైవే ఎక్కి, చిలకపాలెంలో పక్కకి తిరిగి, రాజాం మీదుగా బొబ్బిలి బజారుకి చేరడం దాని పని. ఐసు కరిగేలోగా చేరాలి. పన్నెండేళ్ళు ఆ పని మా బావ చేశాడు. మా పెద్దక్క మొగుడు.

బావకి సముద్రం పడదు. పడవ నాలుగు అలలు దాటేసరికి కడుపులో తిప్పి పక్కకి వాలిపోయేవాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి సముద్రం పడని మగవాడంటే మా రేవులో ఎంత వేళాకోళమో చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో నేను కూడా తక్కువ ఏడిపించలేదు. స్టీరింగ్ పట్టుకున్నాకే ఆయనకి నలుగురిలో విలువొచ్చింది. "ఆడు నడిపితే పెట్టెలో సేప కదల్దు" అని వేలంపాట పాడే ముసలాయనే అనేవాడు. లారీ నాది, పేరు ఆయనది. నాకు అదొక కంట్లో నలుసు కూడా. ఇప్పుడు ఒప్పుకోడానికి సిగ్గేం లేదు.

ఆ పేరు నేనే తీసేశాను.

రెండేళ్ళ కిందటి మాట. అక్కకి విపరీతమైన జ్వరం వచ్చి టెక్కలిలో ఆసుపత్రిలో పెట్టాం. రెండు రాత్రులూ బావ ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. మూడో రోజు జ్వరం దిగింది. పొద్దున్నే ఇంటికొచ్చి నాలుగు చెంబులు పోసుకుని రేవుకి వచ్చేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు వలలు బరువుగా వచ్చాయి, పెట్టెలు నిండిపోయాయి, వేరే డ్రైవరు దొరకలేదు.

"నడపగలవా బావా?" అన్నాను.

"నడపక మరేటి సేస్తాను?" అన్నాడు.

నేను ఇంకో మాట అనలేదు. వద్దని చెయ్యి పట్టుకుని ఉంటే ఆగేవాడేమో. పెట్టెలు ఎలా వెళ్తాయన్నదే నా బెంగ.

రాజాం దాటాక ఇంజన్ వేడికి బిగిసి పట్టేసింది. ఫోన్ రాగానే నేను మోటారుసైకిలు మీద బయల్దేరి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రోడ్డంతా ఐసు నీళ్ళు. బానెట్ ఎత్తి ఉంది. కాలిన నూనె వాసన అల్లంత దూరానికే తగిలింది. బావ టైరు పక్కన నిలబడి ఉన్నాడు. నేను అడగకముందే, "ముల్లు సగానికి కిందే ఉన్నాది రా. వాసనొచ్చింది, ఆపీలోపే పట్టీసింది" అన్నాడు.

ముల్లంటే డాష్‌బోర్డులో హీట్ మీటరు ముల్లు. ఇంజన్ ఎంత వేడెక్కిందో చెప్పేది అదొక్కటే. సగం దాటి ఎర్ర గీత వైపు వెళ్తోందంటే బండి పక్కకి తీసి ఆపాలి. డ్రైవింగు నేర్చుకునేవాడికి మొదటి రోజే చెప్పే సంగతి.

ఇంజన్ విప్పిన మెకానిక్ రేడియేటర్ని చూపించాడు. లోపలంతా మట్టి పట్టి పూడుకుపోయింది. "ఇలాటప్పుడు వేడి ఒక్కపాలి ఎక్కదు బాబూ. నిదానంగా ఎక్కుతాది. ముల్లు మీద కన్నున్నోడైతే అరగంట ముందే ఆపును" అన్నాడు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. తన పనికి సంబంధించిన మాట చెప్పాడు, అంతే. దాన్ని నేను కర్రలా పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న రేవులో చేపల వేలంపాట జరుగుతోంది. ఆడవాళ్ళు తట్టలతో, మగవాళ్ళు వలలతో, మా వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఇంటికి పిలిచి అడగొచ్చు. నా కోపానికి అంత ఓపిక లేదు.

"రెండు రేత్రులు కంటిమీద కునుకు నేదు నీకు. స్టీరింగ్ మీద కళ్ళు మూసీసినావు. ఇంజన్ కాల్సీసి, ముల్లు కిందున్నాదని నాకు కతలు సెప్తన్నావా?" అని అరిచాను.

"నాను సూసినాను రా" అన్నాడు బావ. చొక్కా జేబులోంచి తాళాలు తీసి ఐసు పెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎదురు తిరగనివాడు తప్పు చేసినవాడేనని ఆ రోజుల్లో నా లెక్క.

రేవులో అన్న మాట ఊరు దాటడానికి ఎంతసేపు? 'ఇంజన్ కాల్చినోడు' అన్న పేరు పడిపోయింది. రెండుచోట్ల డ్రైవరు పని అడిగాడని, నవ్వి పంపేశారని తరవాత విన్నాను. ఆ తరవాత ఇంకెక్కడా అడగలేదు. రేవు పక్క రేకుల పాకలో ముసలివాళ్ళతో కూర్చుని చిరిగిన వలలు బాగుచేయడం మొదలుపెట్టాడు. అక్క మాత్రం ఎప్పటిలాగే తట్టతో వచ్చి చేపలు కొనుక్కుని అమ్ముకునేది. నేను పలకరిస్తే అడిగినదానికి జవాబు చెప్పేది. మా గుమ్మం మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

ఇంజన్ బాగుచేయించాక లారీ నేనే నడిపాను. ఎలా నడిపాను? ముల్లు మీంచి కన్ను తియ్యకుండా నడిపాను. ఎంత ఎండైనా, ఎంత బరువైనా ముల్లు సగానికి కిందే ఉండేది. చూశారా, జాగ్రత్తగా నడిపితే ఇంజన్ ఎంత చల్లగా ఉంటుందో అని నాకు నేనే భుజం తట్టుకునేవాణ్ణి. బావకి చేతకానిది నాకు చేతనైందని మా ఇంటిదానితో అన్నాను కూడా. ఆవిడ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈ ఎండాకాలంలో ఒకరోజు బొబ్బిలిలో సరుకు దించి ఖాళీ పెట్టెలతో తిరిగి వస్తున్నాను. రాజాం ఇంకా రాలేదు. ముందుగా వాసన తగిలింది. ఆ తరవాత బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. పక్కకి తీసి, ఇంజన్ ఆపి, ఒక్క గెంతు గెంతాను. కాస్త ఆగి, తడి గోనె వేసి రేడియేటర్ మూత కొంచెం తిప్పేసరికి నీళ్ళు బుస్సుమని ఎగిరాయి. ఫ్యాన్ బెల్టు సాగిపోయి జారుతోంది. సమయానికి ఆపాను కాబట్టి ఇంజన్ దక్కింది.

క్యాబిన్లోకి ఎక్కి తాళం తిప్పి చూశాను. నీళ్ళు ఇంకా కుతకుతలాడుతున్నాయి. ముల్లు సగానికి కిందే ఉంది.

సీటు మీద కూలబడ్డాను. బండి దక్కిందన్న సంతోషం కూడా రాలేదు. బావ మొహం కళ్ళముందు నిలిచింది. ఈ ముల్లు ఇవాళ అబద్ధం చెప్పింది, మరి ఆ రోజు? ఆ రోజు కూడా చెప్పి ఉంటే నేను రేవులో అందరి ముందూ అన్న మాట ఏమవుతుంది? నిజం చెప్పాలంటే, ముల్లు ఈమధ్యే పాడై ఉండాలని, ఆ రోజుకి బాగానే ఉండాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. బావ నిద్రపోయి ఉండాలని మొక్కుకున్నానన్నమాట. మనిషి ఎంతకి దిగజారతాడో ఆ సీటు మీద కూర్చుని చూశాను.

బెల్టు బిగించి, నీళ్ళు పోసి, ఆగుతూ ఆగుతూ కోటబొమ్మాళి చేరాను. మర్నాడు పొద్దున్నే అక్కడ లారీలకి కరెంటు పని చేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. నా ఈడువాడే. ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి చూస్తూ పని చేస్తాడు. సంగతంతా విని, "పాత బండి కదా మావా, కొత్త సెన్సర్ ఏసీద్దుము. తీరిపోద్ది" అన్నాడు.

"మార్చొద్దు. ఏది పాడైందో, ఎప్పుడు పాడైందో నాకు తెలియాలి" అన్నాను.

"ఎప్పుడు పాడైందో అదేటైనా డైరీ రాసుకుంటాదా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఇంజన్ స్టార్ట్ చేయించి బాగా వేడెక్కనిచ్చాడు. ముల్లు సగానికి కింద నిలబడింది. సెన్సర్ అంటే ఇంజన్ పైన నీళ్ళు తిరిగే చోట బిగించి ఉండే చిన్న ఇత్తడి బోల్టులాంటిది. దాని నెత్తిమీంచి మీటరుకి ఒకటే వైరు వెళ్తుంది. ఆ వైరు ఊడదీసి ఇంజన్ ఇనుముకి తాకించాడు. ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత దాటి చివరికి కొట్టుకుంది. వైరు తీసేస్తే పూర్తిగా కిందికి పడిపోయింది.

"మీటరు బాగున్నాది, వైరూ బాగున్నాది" అన్నాడు.

అంటే సెన్సరే పోయిందని నాకు ప్రాణం లేచొచ్చింది. సెన్సర్లు ఎప్పుడైనా పోతాయి, నిన్న పోయి ఉండొచ్చు. అదే మాట పైకి అన్నాను. "ఉండు మావా, తొందరేటి" అని అతను వైరు మళ్ళీ సెన్సర్‌కి తగిలించాడు. ఇంకో వైరు ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి పెట్టి, రెండో కొస సెన్సర్ ఇత్తడికి తాకించాడు. ముల్లు కదిలింది. మెల్లగా సగం దాకా ఎక్కి, వేడెక్కిన ఇంజన్‌కి ఎక్కడ నిలబడాలో సరిగ్గా అక్కడ నిలబడింది. వైరు తీస్తే పడిపోయింది. తాకిస్తే లేచింది. నాలుగుసార్లు చేసి చూపించాడు. ఐదోసారి నేనే తాకించి చూశాను.

"సెన్సర్ కూడా బంగారంలాగున్నాది. దీనికి ఎర్త్ సరిగ్గా అందతన్నేదు. కరెంటు దీంట్లోంచి ఇంజన్ బాడీలోకి దిగితేనే ముల్లు లెగుస్తాది. దారిలో ఏదో అడ్డున్నాది" అన్నాడు.

ఇంజన్ చల్లారేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. అడ్డు ఏమిటో అతనికింకా తెలీదు. నాకు మాత్రం కప్పు చేతిలో ఉండగానే లీలగా తెలిసిపోయింది.

సెన్సర్ విప్పి అరచేతిలో పెట్టుకుని కళ్ళజోడు ఎగదోసుకున్నాడు. బోల్టు మర గాడుల చుట్టూ నల్లగా గట్టిపడిన పీచు. గోటితో గీరితే నూలు దారం, దాని మీద గుగ్గిలం.

"ఇదెవుడు సుట్టినాడు? పడవకి ఏసే మందు లారీకి ఏసినాడు" అన్నాడు.

చుట్టింది నేనే. మా నాన్న పడవలు బాగుచేసేవాడు. పలకల సందుల్లో నూలు దూర్చి, గుగ్గిలం నూనెలో కాచి పట్టిస్తే సముద్రం ఎంత నెట్టినా చుక్క లోపలికి రాదు. మా ఇళ్ళల్లో చిన్నప్పుడే చేతికొచ్చే పని అది. ఇంజన్ కాలడానికి నెలా రెండు నెలల ముందు ఈ సెన్సర్ మొదట్లోంచి నీళ్ళు చెమర్చడం మొదలైంది. షాపుకి తీసుకెళ్తే ఒక ట్రిప్పు పోతుందని నేనే విప్పి, దారం చుట్టి, గుగ్గిలం పట్టించి, శక్తి కొద్దీ బిగించాను. చుక్క కారడం ఆగింది. ఇంక చచ్చినా కారదని బావ దగ్గర బోర విరుచుకున్నాను. నీళ్ళకి అడ్డం కట్టినది కరెంటుకీ అడ్డమేనని నాకేం తెలుసు? మరలు అక్కడక్కడా కాస్త తాకబట్టి ముల్లు కొంచెం లేచేది. అసలు లేవకపోయినా బాగుండేది, అప్పుడే పట్టుబడేది.

ఇక్కడితో అయిపోలేదు. ఆ తరవాత వారానికేమో బావ నాతో అన్నాడు, "ముల్లు ఇదివరకటికంటే తగ్గి నిలబడతన్నాది, ఓపాలి సూపించుదుమా?" అని. నేను ఏమన్నానో కూడా గుర్తుంది. "నీళ్ళు కారడం ఆగింది కదా, ఇంజన్ సల్లగా ఉన్నాది. బాగున్నదాన్ని ఎందుకు కెలుకుతావు?" అన్నాను. ఈ మాట రెండేళ్ళలో ఒక్కసారీ నాకు గుర్తు రాలేదు. సెన్సర్ ఆ మేస్త్రి చేతిలో కనపడగానే గుర్తొచ్చింది.

అప్పటికీ చివరి ఆశ ఒకటి పట్టుకుని వేలాడాను. ఇంజన్ బాగుచేసినప్పుడు మెకానిక్ ఈ సెన్సర్ విప్పి ఉంటాడేమో, ఈ దారం నాది కాదేమోనని. అక్కడ నిలబడే ఫోన్ చేశాను. "ఆ ముక్క మేం ముట్టుకోనేదు బాబూ, బాగున్నాదని అలగే బిగించీసినాం" అన్నాడు. మేస్త్రి మరలన్నీ బ్రష్షుతో గీకి, ఇత్తడి మెరిసేలా తుడిచి, కొత్త రాగి వాషర్ వేసి మళ్ళీ బిగించాడు. ఇంజన్ వేడెక్కింది. ముల్లు లేచి దాని చోటులో అది నిలబడింది. పక్కన ఏ వైరూ పెట్టక్కర్లేకపోయింది.

"పని అయిపోయింది కదా, మరెందుకలగున్నావు మావా?" అన్నాడు. చెప్పాను. మొత్తం చెప్పాను. అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "ఇదంతా నాకు సెప్తే ఏటొస్తాది?" అని మాత్రం అన్నాడు.

మర్నాడు లారీ తియ్యలేదు. పాట జరిగే వేళకి రేవుకి నడిచి వెళ్ళాను. రెండేళ్ళ కిందట నిలబడ్డ చోటే నిలబడి, గొంతు పెంచి, "ఒక మాట ఇనండి" అన్నాను. పాట ఆగింది. ఇంజన్ కాల్చింది బావ కాదని, నేను చుట్టిన దారం వల్ల మీటరు తప్పు చూపించిందని, ఆ రోజు ఆయన చెప్పింది అక్షరాలా నిజమని చెప్పాను. అరిచి తిట్టడానికి ఆ రోజు ఎంతసేపూ పట్టలేదు. ఇది చెప్పేసరికి నోరెండిపోయింది. ఎవరో "ఇప్పుడెందుకురా ఇయన్నీ" అన్నారు. ఒక ముసలమ్మ "నానప్పుడే అన్నాను, ఆ పిల్లడు అబద్దమాడడని" అంది. ఆ రోజు మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. పాట మళ్ళీ మొదలైంది. ఊరికి నాలుగు నిమిషాల మాట అది.

అక్క తట్ట కింద పెట్టేసి పాక వైపు చూస్తోంది. నేను అటు వెళ్ళాను. బావ వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంతా విన్నాడు. చేతిలో దారం అలాగే ఉంది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఎదురుగా ఇసకలో కూర్చున్నాను.

"తప్పు నాది బావా" అన్నాను.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "ముల్లు సగానికి కిందే ఉన్నాది కాదేటి?" అన్నాడు.

"కిందే ఉన్నాది బావా."

"నాను సూసినాను కాదేటి?"

"సూసినావు."

బావ తల ఊపాడు. తరవాత చాలా మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. నాకంటే వలకి చెప్తున్నట్టు చెప్పాడు. "నువ్వలగ అన్నాక మొదట్లో కోపమొచ్చింది. తరవాత అనుమానమొచ్చింది. రెండు రేత్రులు నిద్ర నేదు కదా, నిజంగా కునుకు పట్టీసిందేమో, ముల్లు సూసినట్టు కలగన్నానేమో అనుకున్నాను. మీ అక్కనడిగినాను, నాను కళ్ళు తెరుసుకుని నిద్దరోతానా అని. ఆ రోడ్డంతా మనసులో ఎన్నిపాల్లు నడిపినానో. ఎక్కడ కళ్ళు మూసినానో దొరకనేదు. దొరకనేదంటే నిద్దరోయినట్టే కదా అనుకున్నాను. లైసెన్స్ కాలం అయిపోయింది. మళ్ళీ సేయించుకోనేదు. నిద్దరోయీ మనిషికి లైసెన్స్ ఎందుకని."

నేను ఆయన పని తీసేశానని, పేరు తీసేశానని అనుకుంటూ వచ్చాను. ఆ రెండూ ఎలాగో తిరిగి ఇవ్వొచ్చనుకుని వచ్చాను. ఆయన తన కళ్ళని తానే నమ్మడం మానేశాడని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు. మళ్ళీ లైసెన్స్ టెస్టుకి వెళ్దాం బావా, నేను తీసుకెళ్తాను, లారీ నీదే అని ఏవేవో అన్నాను. ఆయన వినడం లేదు.

అక్క వచ్చి పాక గుంజ పట్టుకుని నిలబడింది. బావ ఆమెని చూశాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు.

"అయితే నాను మెలకువగానే ఉన్నాను" అన్నాడు.

"మెలకువగానే ఉన్నావు బావా."

"దానికి కూడా సెప్పు" అన్నాడు, అక్క వైపు చూపిస్తూ.

నేను లేచి, అక్క ఎదురుగా నిలబడి చెప్పాను.